ఇంటికి పోయే టేపు

జనగామ,
అక్టోబరు 1988, ఆదివారం

అన్నకు, చెల్లి పుష్ప వందనాలు.

నీ కార్డు అందింది. నాలుగే నాలుగు వాక్యాలు రాసి అందులో రెండు "జాగ్రత్త" అని రాసే మనిషి ఈ భూమ్మీద నువ్వొక్కడివే. వదిన, పాప ఎలా ఉన్నారో రాయలేదు. బాగున్నారనే అనుకుంటాను. నీ కన్నతల్లి, మన అవ్వ, నా దగ్గర కులాసాగా ఉంది. జనగామ నీళ్లు పడటం లేదని రోజూ తిడుతుంది, రోజూ తాగుతుంది.

"నీ చెల్లె ఏం పని చేస్తది" అని గని దగ్గర నలుగురూ అడిగితే చెప్పలేకపోతున్నానని రాశావు. నేను చెప్తాను, నువ్వు అలాగే చెప్పు. జగపతిరావు గారిది స్పేరు పార్టుల హోల్‌సేల్ దుకాణం. లారీలవి, ట్రాక్టర్లవి, బోరు మోటార్లవి, ఇప్పుడు మీ గని పంపులవి కూడా అమ్ముతారు. జనగామలో పెద్ద దుకాణం, మానుకోటలో ఒకటి, మీ భూపాలపల్లిలో కొత్తగా ఒకటి. సామాను ఎన్ని రకాలో లెక్కలేదు. ఏ బేరింగు ఏ గోదాములో ఏ అరలో ఉందో ఒకప్పుడు గుమస్తాలు తలా కొంత గుర్తుపెట్టుకునేవారు, ఒకడు సెలవు పెడితే మిగతా వాళ్లు తడుముకునేవారు. ఈ ఏడాది మొదట్లో కంప్యూటరు కొన్నారు. కౌంటరు మీద మూడు తెరలు, లోపలి గదిలో అసలు మిషను. ఆ మిషను చూసుకునేది నేను. అది చెడిపోకుండా చూడటం సగం పని. చెడిపోయినా సమాచారం పోకుండా చూడటం మిగతా సగం.

ఆ రెండో సగం గురించే ఈ దుకాణంలో ఆరు నెలలుగా నేను పోట్లాడుతున్నాను. మిషను లోపల డిస్కు అని ఒకటి ఉంటుంది. ఉన్నదంతా దాని మీదే. అది పోతే అన్నీ పోతాయి. అందుకని రోజూ మొత్తం నకలు తీసి టేపు మీద పెట్టాలి. మీ గనిలో ఒక పంపు నీళ్లు తోడుతుంటే పక్కన ఇంకొకటి సిద్ధంగా ఉంచుతారన్నావే, అదే లెక్క. చిక్కేమిటంటే నకలు తీస్తున్నంతసేపు ఎవరూ ఏమీ ఎక్కించకూడదు. ఎక్కిస్తే సగం పాతదీ సగం కొత్తదీ కలిసిపోయి అది ఎందుకూ పనికిరాదు. టేపు చాలా నెమ్మది, గంటలు పడుతుంది. అంతసేపు కౌంటరు ఆపాలని చెప్తే శ్రీపాల్ ఎగిరిపడ్డాడు. శ్రీపాల్ అంటే జగపతిరావు గారి తమ్ముడు, కౌంటరు చూసేది ఆయనే. "దుకాణం బంద్ వెట్టి మిషన్ ముంగట కూసోవాల్నా?" అన్నాడు. పొద్దున బోణీ కాకముందు ఆపకూడదట. బోణీ అయ్యాక గిరాకీ ఉంటుంది కాబట్టి ఆపకూడదట. రాత్రి షట్టరు దించగానే షార్టు సర్క్యూట్ భయంతో మెయిన్ స్విచ్చే తీసేస్తారు. మరి ఎప్పుడు ఆపాలి?

చూస్తూ చూస్తూ ఉంటే నాకు ఒక సందు దొరికింది. పొద్దుగూకే వేళ దుకాణంలో దీపం పెట్టి అగరుబత్తి ముట్టిస్తారు. అప్పుడు కాసేపు కౌంటరు మీద నుంచి సామాను ఇవ్వరు, బిల్లు కొట్టరు. లక్ష్మి వచ్చే వేళ చేతి నుంచి ఏదీ పోకూడదని వాళ్ల నియమం. లారీ డ్రైవరు ఎంత మొత్తుకున్నా బయట బీడీ కాల్చుకుంటూ నిలబడాల్సిందే. నాకు కావలసింది ఆ కాసేపే. పోట్లాడి రెండో డిస్కు కొనిపించాను. దీపం పెట్టే వేళకు మొదటి డిస్కు మీది సమాచారమంతా రెండో డిస్కు మీదికి దిగుతుంది. డిస్కు నుంచి డిస్కుకు చాలా త్వరగా పోతుంది కాబట్టి అగరుబత్తి ఆరిపోకముందే ఆ పని అయిపోతుంది. ఆ తర్వాత కౌంటరు మామూలుగా నడుస్తూనే ఉంటుంది, రెండో డిస్కు నుంచి టేపు మీదికి నకలు తీరిగ్గా ఎక్కుతూ ఉంటుంది. ఇదంతా ఎవరూ మీట నొక్కకుండా దానంతట అదే జరిగేలా ప్రోగ్రాము రాశాను. ఒక్క తప్పు చేశాను. ముందు గడియారం చూసి ఒకే టైము పెట్టాను. ఎండాకాలం దాటగానే పొద్దు ముందే గూకడం మొదలైంది, దీపం ముందే పెడుతున్నారు, నా మిషను మాత్రం పాత టైముకే లేస్తోంది. అప్పుడు గోడకున్న పంచాంగం దించి, ఏడాది పొడవునా సూర్యాస్తమయాలు చూసి మిషనుకు నేర్పాను. చర్చికి పోయే పిల్ల పంచాంగం ముందేసుకుని కూర్చుందని పెంటయ్య, అంటే గోదాము చూసే ముసలాయన, పడీ పడీ నవ్వాడు.

ఇంకో మాట కూడా గెలిచాను. టేపులన్నీ ఆ గదిలోనే ఉంటే, ఆ గదికే ఏమైనా అయితే ఏం మిగులుతుందని జగపతిరావు గారిని అడిగాను. ఆయన, "దుకాణం మూసేటప్పుడల్లా ఒకటి నీ ఇంటికి తీస్కపో. నీ దగ్గరుంటె నా దగ్గరున్నట్టే" అన్నారు. అందరూ ఆయన్ని దొర అంటారు, నేను సార్ అంటాను. ఆ రోజు ఆ సార్ అన్న మాట కొంచెం మనసారా అన్నాను.

రాయాలా వద్దా అనుకుంటూనే ఇంతదాకా వచ్చాను. దసరా నాడు దుకాణం మూస్తారు, ఆయుధపూజ చేస్తారు. ఆ రోజు కౌంటరు నడవదు కాబట్టి, టేపు మీది నకలు తిరిగి మిషనులోకి ఎక్కుతుందో లేదో పరీక్షించుకుంటానని అడిగాను. తిరిగి ఎక్కని నకలు ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. శ్రీపాల్ అన్నాడు, "పండుగ నాడు నువ్వు రాకు. ముందు రోజు పని అయిపోంగనే ఆ గది కడిగిస్తం, పూజ ఉంటది." పెంటయ్య వస్తున్నాడు కదా అన్నాను. "వాని ముచ్చట వేరు" అన్నాడు. జగపతిరావు గారు అక్కడే ఉన్నారు. పేపరు చదువుకుంటున్నారు.

రోజూ నేను తాళం తీసే గది. నేను ఊడ్చుకునే గది. నేను ఉన్నానని కడిగిస్తారట. అన్నా, నాకు ఏడుపు రాలేదు. కడుపు మండిపోయింది, ఇంకా మండుతూనే ఉంది. గదిలో నీళ్లు చల్లొద్దు, మిషను ఆపేసి గుడ్డ కప్పి పోతాను, ఎవరూ ముట్టుకోవద్దు అని మాత్రం గట్టిగా చెప్పాను. విన్నారో లేదో తెలియదు.

జవాబు రాయి. అందులో జాగ్రత్త అని మాత్రం రాయకు.

నీ చెల్లి,
పుష్ప


జనగామ,
దసరా వెళ్లిన ఆదివారం

అన్నా,

వందనాలు తర్వాత పెడతాను. ముందు సంగతి విను, ఎందుకంటే ఇది నీ దాకా వస్తుంది. ఇంకొకరి నోట నీకు చేరకముందే నేను చెప్పాలి.

దసరా నాడు నేను పోలేదు. రావొద్దన్న చోటికి ఎందుకు పోతాను? జరిగింది పెంటయ్య చెప్పాడు. మిషను మీద నేను కప్పిన గుడ్డ తీసేశారట. లైట్లు వెలగకపోతే కళ ఉండదని శ్రీపాల్ స్విచ్చి వేశాడట. అల్మారాలోని టేపులన్నీ బయటికి తీసి, మిషను ముందు వరసగా పేర్చి, ఒక్కోదానికి పసుపు రాసి కుంకుమ పెట్టారట. తర్వాత కొబ్బరికాయ. తరతరాలుగా లారీలతో బతికిన ఇల్లు కదా, కొత్త లారీకి బంపరు మీద కొట్టినట్టే మిషను అంచుకు కొట్టాడట. పైన గాలి పోయే సందులుంటాయి. నీళ్లన్నీ అందులోకే పోయాయి. "ఠప్పుమన్నది బిడ్డా, సన్నగ పొగ లేసింది. దొర ముకం తెల్లవడ్డది" అన్నాడు పెంటయ్య.

రెండు డిస్కులూ ఒకే డబ్బాలో ఉంటాయి, రెండూ పోయాయి. కలశం తీసేదాకా రావొద్దని కబురు పంపారు కాబట్టి మర్నాడు కూడా నేను పోలేదు. ఆ రోజు హైదరాబాదు నుంచి ఇంజనీరు వచ్చి, కాలిన భాగాలు మార్చి కొత్త డిస్కు బిగించి, నకలు ఉన్న టేపులు తెమ్మన్నాడు. ఒక్కోటి పెట్టి చూశాడు. లోపలంతా పసుపు. ఒకటి పట్టేసింది, ఒకటి తెగింది, మిగతావి గీరుకుపోయాయి. ఇంకేమైనా ఉన్నాయా అని అడిగితే అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారట. పెంటయ్యే నోరు విప్పాడు: "పుష్పమ్మ ఇంట్ల ఒకటి ఉంటది."

నిజమే. పండుగ ముందు రోజు దీపం వేళ ఎక్కిన టేపు ఇక్కడ ఉంది. మన ట్రంకు పెట్టెలో, నాయిన బైబిలు పక్కన.

దానికి శ్రీపాల్ ఏమన్నాడో తెలుసా? "దుకాణం సామాను ఆమె ఇంట్ల ఎందుకున్నది? దొంగతనంగ తీస్కపోయిందా?" డ్రైవర్లు, గుమస్తాలు, ఆ ఇంజనీరు, అందరి ముందూ అన్నాడు. జగపతిరావు గారు వింటూ ఊరుకున్నారట. తీసుకుపొమ్మన్నది తనే కదా? ఒక్క ముక్క అనలేదు. దొంగ అన్నవాడి మీద వచ్చిన కోపం ఒక ఎత్తు, ఊరుకున్నవాడి మీద వచ్చిన కోపం ఒక ఎత్తు. నా దగ్గరుంటే తన దగ్గరున్నట్టే అన్నప్పుడు నేను ఎంత పొంగిపోయానో తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

టేపు తెమ్మని పెంటయ్యను పంపారు. ఆయన గుమ్మంలో నిలబడి నసిగాడు. "టేపు తెచ్చి దర్వాజ కాడ ఇచ్చి పొమ్మన్నడు బిడ్డా. లోపట కలశం ఇంక తియ్యలేదట." నేను జవాబు చెప్పేలోపే అవ్వ పోయి ట్రంకు పెట్టె మీద కూర్చుంది. "నా బిడ్డను దొంగ అన్నోనికి నా ఇంట్ల సామాను ఎందుకు? లేదని చెప్పుపో" అంది.

నేను అవ్వలా అనలేదు. టేపు వాళ్లదే, వాళ్లకే ఇస్తాను. "నేనే తీసుకొస్త. ముంగటి దర్వాజ నుంచి వస్త, నా చేతుల్తోని మిషన్‌ల పెడ్త. అంతకు ముందు సార్ అందరి ముంగట చెప్పాలె, తీస్కపొమ్మన్నది నేనే, ఈ పిల్ల దొంగ గాదు అని" అన్నాను. పెంటయ్య చేతులు జోడించాడు. "దొరకు గిట్ల నేనెట్ల చెప్పాలె? నా నోట రాదు బిడ్డా." అయితే నేనే చెప్తానని చీటీ రాసి ఇచ్చాను.

సాయంత్రానికి శ్రీపాల్ దగ్గర నుంచి కబురు వచ్చింది. బెదిరింపు నాకు కాదు, నీకు. భూపాలపల్లి గనిలో నీకు రానివాళ్ల చోట చేసే బదిలీ పని దొరికింది వాళ్ల అన్న మాట మీదేననీ, అది ఇంకా పర్మినెంటు కాలేదనీ, ఆ సంగతి ఆలోచించుకొమ్మనీ.

అందుకే రాస్తున్నాను. నువ్వు ఏమంటావో నాకు తెలుసు. ఇచ్చెయ్, తప్పయిందని చెప్పు, మనకెందుకు అంటావు. అన్నా, అరవైతొమ్మిదిలో తెలంగాణ కోసం బడులు బంద్ అయినప్పుడు తొమ్మిదో తరగతి పుస్తకాలు చంకన పెట్టుకునే ఊరేగింపులో నడిచి, లాఠీ దెబ్బలు తిని, వాచిన వీపుతో ఇంటికి వచ్చినవాడివి నువ్వే. నేను నాలుగేళ్ల పిల్లని, అవ్వ కాపడం పెడుతుంటే నువ్వు నవ్వడం నాకు ఇంకా గుర్తుంది. ఆ ఏడాది పోయింది, నీ చదువూ దాంతోనే పోయింది. బడులు తెరిచే నాటికి నువ్వు కూలికి పోతున్నావు. ఆ తర్వాత ఎవరేమన్నా తల వంచుకుపోవడం ఎప్పుడు నేర్చుకున్నావో నాకు తెలియదు. నన్ను చదివించడానికే వంచుకున్నావేమో. ఆ చదువుతో నేనూ తల వంచుకోవాలంటే మాత్రం నా వల్ల కాదు.

నేను టేపు దర్వాజ దగ్గర ఇవ్వను. దానివల్ల నీ పని పోతే ఆ పాపం నాదే, వదిన నన్ను తిట్టినా పడతాను. చాటుగా చేయడం లేదు, నీకు చెప్పే చేస్తున్నాను.

ఇంకొకటి, నీకొక్కడికే. ఆ టేపు పని చేస్తుందో లేదో నాకూ తెలియదు. దాన్ని ఒక్కసారి కూడా తిరిగి ఎక్కించి చూడనివ్వలేదు కదా. ఇంత మాట్లాడి, ఆ గదిలోకి పోయి, అది ఖాళీ అని తేలితే శ్రీపాల్ నవ్వే నవ్వు ఇప్పుడే నా చెవుల్లో వినపడుతోంది. అయినా ఇవ్వను.

నీ చెల్లి,
దొంగ కాని పుష్ప


జనగామ,
బుధవారం

మా అన్నకు, వందనాలు. నిజంగా వందనాలు.

నిన్న నువ్వు బస్సు పట్టుకుని పోయాక జరిగింది నీకు తెలియదు. దానికి ముందు జరిగింది కూడా రాస్తున్నాను. అది నీకు తెలుసని నాకు తెలుసు, కాని నువ్వు ఇంటికి పోయి వదినకు ఒక్క ముక్క చెప్పవు. ఈ ఉత్తరం వదినకు చదివి వినిపించు. వినిపించకపోతే వదినకు విడిగా రాస్తాను.

పొద్దున్నే నువ్వు గని బట్టలతోనే గుమ్మంలో నిలబడి "టేపు తీస్కో, నడువ్" అన్నావు. నా చేత క్షమాపణ అడిగించడానికే వచ్చావనుకున్నాను. దారి పొడుగునా నువ్వు ఒక్క మాట మాట్లాడలేదు. నిన్ను మనసులో ఎన్ని తిట్టుకున్నానో చెప్పను. దుకాణం ముందు లారీలు ఆగి ఉన్నాయి. గుమస్తాలు ఒక పంపు వాషరు కోసం గోదాములన్నీ తిరుగుతున్నారు, డ్రైవర్లు అరుస్తున్నారు. శ్రీపాల్ మనల్ని చూసి చెయ్యి చాపాడు. నువ్వు ఆయన వైపు చూడలేదు. తిన్నగా జగపతిరావు గారి ముందుకు పోయి నిలబడ్డావు.

"టేపు మా చెల్లె చేతుల్నే లోపటికి వస్తది. గుమ్మం కాడ ఇచ్చేది లేదు. నా పని సంగతి అంటరా, తీపియ్యిండ్రి. బొగ్గు ఒక్క మీ మాట మీదనే తవ్వుతలేరు."

వదినా, వింటున్నావా? ఈ మాట అన్నది మీ ఆయన. గొంతు కూడా పెంచలేదు. డ్రైవర్లందరూ అరవడం ఆపేశారు. నాకు ఆ క్షణం కళ్లలో నీళ్లు తిరిగాయి. దొంగ అన్న నాడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఏడవలేదు, ఎందుకంటే నేను అడగవలసింది ఇంకా ఉంది. "సార్, టేపు ఇంటికి తీస్కపొమ్మని నాకు ఎవరు చెప్పిన్రు?" అని అడిగాను.

జగపతిరావు గారు తమ్ముడి వైపు చూశారు, లారీల వైపు చూశారు, నీ వైపు చూశారు. తర్వాత "నేనే చెప్పిన" అన్నారు. అది సరిపోదన్నట్టు నేను కదలకుండా నిలబడ్డాను. "తీస్కపొమ్మన్నది నేనే. ఈ పిల్ల దొంగతనం చెయ్యలే" అని అందరికీ వినబడేలా అన్నారు. అప్పుడు నువ్వు నా భుజం తట్టి, షిఫ్టుకు ఆలస్యమవుతుందని చెప్పి వెళ్లిపోయావు. ఇంతకంటే మంచి సమయం దొరకలేదా నీకు పోవడానికి?

తర్వాతది విను. నేను ముందు దర్వాజ నుంచే లోపలికి పోయాను. కలశం అక్కడే ఉంది. దాన్ని నేను ముట్టుకోలేదు, అది వాళ్ల దేవుడిది. పెంటయ్యను పిలిచి పక్కకు పెట్టించాను. తలుపు బార్లా తీసి ఉంచి టేపు పెట్టాను. చూసేవాళ్లు చూడనీ అనుకున్నాను. శ్రీపాల్ గుమ్మానికి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

టేపు తిరుగుతోంది. అది తిరుగుతున్నంతసేపు చెయ్యడానికి ఏ పనీ ఉండదు, దాని చప్పుడు వినడమే. నా చీర కొంగు చెమటకు తడిసిపోయింది. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. శ్రీపాల్ "ఏమైంది?" అన్నాడు, ఆ గొంతులో సంతోషం నాకు వినబడింది. ఆ టేపు చివరిదాకా పోయి, ఆగి, వెనక్కి తిరుగుతూ మళ్లీ చదువుతుంది. అది నాకు తెలుసు. తెలిసినా ఒక్క క్షణం అనుకున్నాను, పోయింది, నేనూ పోయాను, అన్న పనీ పోయింది అని. తర్వాత అది అటు నుంచి మళ్లీ తిరగడం మొదలుపెట్టింది.

అంతా ఎక్కాక కౌంటరు మీద తెరలు వెలిగాయి. పొద్దున్నుంచి వెతుకుతున్న ఆ పంపు వాషరు నంబరు కొట్టాను. ఫలానా గోదాము, ఫలానా అర అని వచ్చింది. పెంటయ్య ఆ వయసులో పరుగెత్తాడు. గోదాములోంచి ఆయన అరుపు రోడ్డు మీదికి వినిపించింది, "ఉన్నదిరో! గీన్నే ఉన్నది!" డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. పండుగ ముందు రోజు దీపం తర్వాత కొట్టిన బిల్లులు మాత్రం అందులో లేవు. వాటిని గుమస్తాలు మళ్లీ ఎక్కించుకోవాలి. ఎక్కించుకోనీ, కొబ్బరికాయ నేను కొట్టలేదు.

వెంటనే కూర్చుని కొత్త టేపు మీదికి ఇంకో నకలు తీశాను. ఈసారి దీపం వేళ దాకా ఆగలేదు, కౌంటరు ఆపమన్నాను, ఆపారు. పని అయ్యాక కొత్త టేపు అల్మారాలో పెట్టి, మొదటిది నా సంచిలో వేసుకున్నాను. శ్రీపాల్ గుమ్మానికి అడ్డంగా వచ్చాడు.

"అయిపోయింది గద. అది గీడ వెట్టి పో."

"ఇది ఇంటికి పోతది" అన్నాను.

"ఇంక గూడానా?"

"రోజూ పోతది. ఇయ్యాలటి నుంచి దినాం పోతది."

ఆయన జరగలేదు. నేనూ జరగలేదు. కౌంటరు దగ్గర అందరూ మమ్మల్నే చూస్తున్నారు. జగపతిరావు గారు కుర్చీలోంచి లేవకుండానే, "జరుగురా, పోనియ్యి. దేవుని ముంగట వెట్టినయి అన్ని పోయినయి. ఆమె ఇంట్ల ఉన్నదే మిగిలింది" అన్నారు. శ్రీపాల్ జరిగాడు. నా ముఖం వైపు చూడలేదు. నేను మాత్రం ఆయన ముఖం బాగా చూసి బయటికి వచ్చాను.

అవ్వకు చెప్తే "నువ్వెందుకు అంతసేపు నిలవడ్డవ్, తోసి రాకపోయినవా" అంది. ఈ వయసులో అవ్వకు మనిద్దరికంటే తెగువ ఎక్కువ.

గనిలో ఎవరైనా ఏమైనా అంటే వెంటనే రాయి. నిన్ను తీసేస్తే వదిననూ పాపనూ తీసుకుని ఇక్కడికి రా, ఇరుకులో ఎలాగో సర్దుకుందాం అని నేను అనను, ఎందుకంటే మేం ఉన్నది ఇద్దరమే, బోలెడంత చోటుంది. నేను రేపు పొద్దున్నే దుకాణానికి పోతున్నాను. సంక్రాంతి వచ్చినా, ఉగాది వచ్చినా, మళ్లీ దసరా వచ్చినా ఆ గదికి పోతాను. రావొద్దని ఇంతవరకు మళ్లీ ఎవరూ అనలేదు. అన్నా పోతాను.

నీ చెల్లి,
పుష్ప